జొన్నరొట్టెకు తోడుగా ఆకుకూర, కాయగూర, పండు
పశ్చిమ కర్నూలులో రక్తహీనత నివారణకు ఆహారమార్గం

గూడూరు (కర్నూలు జిల్లా): టమోటా ధర పడిపోయిన ప్రతి ఏడాదీ పశ్చిమ కర్నూలు ప్రాంతం నుంచి ఒకే విధమైన ఛాయాచిత్రం పత్రికా కార్యాలయాలకు చేరుతుంది. కోత కూలి, రవాణా ఖర్చు కూడా గిట్టక రైతులు రోడ్డు పక్కన పారబోసిన కాయలు, ఆ గుట్టల చుట్టూ చేరిన పశువులు అందులో కనిపిస్తాయి. పత్తికొండ, ఆస్పరి, దేవనకొండ ప్రాంతాల్లో టమోటాకు పట్టిన ఈ గతే కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లికీ పడుతూ ఉంటుంది. 2025లో ఉల్లి ధర కుప్పకూలినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు రూ.1,200 చొప్పున కొనుగోలు చేయవలసి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2023 వేసవి చివరలో, టమోటా కిలో వంద రూపాయలు దాటగా రైతుబజార్లలో రూ.50కి రాయితీపై విక్రయించారు. ఈ రెండు అంచులూ వార్తలలోకి ఎక్కాయి. వాటి మధ్య నిత్యం సాగే మరొక విషయం మాత్రం వార్త కాలేకపోతున్నది. కాయగూరలు పండించే ఈ పల్లెల్లోనే భోజనంలో కాయగూర పాలు చాలా స్వల్పంగా ఉంటున్నది.

దీని పర్యవసానం గణాంకాల్లో కనిపిస్తుంది. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మంది, ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. అంతకు ముందు సర్వేలో పిల్లల శాతం 58.6గా ఉండేది. అంటే పిల్లల విషయంలో పరిస్థితి మెరుగుపడకపోగా కొంత దిగజారింది. ఇవి రాష్ట్ర సగటు అంకెలు. వర్షాధార సేద్యం, వలసలు అధికంగా ఉన్న మండలాలకు ఈ సగటు ఊరట కలిగించేది కాదు.

గూడూరు అనగానే రాష్ట్రంలో చాలామందికి దక్షిణ కోస్తాలోని రైల్వే జంక్షన్ స్ఫురిస్తుంది. ఇక్కడ చెప్పుకుంటున్నది కర్నూలుకు, ఎమ్మిగనూరుకు నడుమ, కోడుమూరు నియోజకవర్గంలో ఉన్న నగర పంచాయతీ. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి నంద్యాల వేరు జిల్లా అయిన తరువాత, కర్నూలు జిల్లాలో మిగిలినది అధిక భాగం ఈ పడమటి మెట్ట ప్రాంతమే. తుంగభద్ర దిగువ కాలువ, హంద్రీ నదిపై గాజులదిన్నె ప్రాజెక్టు కొన్ని ఊళ్లకు నీరందిస్తున్నా, ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు పల్లెలు ప్రధానంగా వానపైనే ఆధారపడతాయి. పత్తి, వేరుశనగ, కంది, ఉల్లి, మిరప, టమోటా ఇక్కడి పంటలు. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు పెట్టిన ఊరు ఒకప్పుడు ఈ జిల్లాదే, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నది.

ఎంత తినాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ నియమించిన నిపుణుల సంఘం 2003లో ప్రచురించిన నివేదికలో, ఒక్కొక్కరు రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కాయగూరలు తీసుకోవాలని సూచించింది. ఆలుగడ్డ వంటి దుంపలను ఈ లెక్కలో చేర్చలేదు. మన దేశానికి సంబంధించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో సవరించిన ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. రోజుకు 2,000 కిలోకేలరీల ఆహారం తీసుకునే వ్యక్తికి 400 గ్రాముల కాయగూరలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని అందులో పేర్కొన్నారు. తృణధాన్యాలకు కేటాయించినది 250 గ్రాములే. తూకంలో ధాన్యం కంటే కూర ఎక్కువ ఉండాలన్న మాట! మన భోజనాల తీరు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉన్నది. దేశంలోని మొత్తం వ్యాధిభారంలో 56.4 శాతానికి అనారోగ్యకరమైన ఆహారమే కారణమని అదే పత్రం అంచనా వేసింది.

ఈ సంస్థ చరిత్ర గురించి ఒక మాట చెప్పుకోవాలి. బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న విభాగమే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేశంలోని వివిధ ప్రాంతాల ప్రజలు తినే ఆహారాన్ని ఎలుకలకు పెట్టి ఆయన చేసిన ప్రయోగాల్లో, పాలు, పప్పు, పచ్చి కాయగూరలు, పండ్లు కలిసిన ఆహారం తిన్నవే పుష్టిగా పెరిగాయి. బియ్యం మీదనే ఆధారపడిన మద్రాసు ప్రాంతపు ఆహారం చాలా వెనుకబడింది.

జొన్నలో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే

పశ్చిమ కర్నూలు ఆహారంలో మంచి లేదనడం సరికాదు. జొన్నరొట్టె, సజ్జరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి ఇక్కడివారికి పాత అలవాట్లే. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించినప్పుడు పట్టణాలు కొత్తగా తెలుసుకున్న ధాన్యాలు వీరి ఇళ్లలో తాతల నాటి నుంచీ ఉన్నాయి. పీచు, ఇనుము వీటిలో బియ్యం కంటే మెరుగు. చిక్కు ఆ ఇనుము ఒంటికి పట్టడంలోనే ఉన్నది. ధాన్యాల్లో, పప్పుల్లో, ఆకుల్లో ఉండే ఇనుమును శరీరం కొద్ది భాగమే గ్రహించగలుగుతుంది. గింజ పైపొరలోని ఫైటేట్లు, జొన్నలోని వగరు పదార్థాలు దానిని మరింత తగ్గిస్తాయి.

ఇక్కడే పండుకు, పచ్చి కాయగూరకు అసలు పని ఉన్నది. అదే భోజనంలో విటమిన్ సి ఉంటే ధాన్యంలోని ఇనుము గ్రహణం పెరుగుతుంది. రొట్టెతో పాటు నిమ్మరసం పిండిన పచ్చి టమోటా, ఉల్లి ముక్కలు, తిన్న వెంటనే ఒక జామకాయ, ఉసిరి దొరికే కాలంలో ఉసిరి ముక్క తీసుకున్నా మేలు జరుగుతుంది. జామలో విటమిన్ సి నారింజలో కంటే పలు రెట్లు అధికం, ధర తక్కువ. ఉదయం తిన్న జామపండు రాత్రి రొట్టెకు ఉపకరించదు. రెండూ ఒకే పూట కలవాలి. దీనికి విరుద్ధంగా పనిచేసేది తేనీరు. అన్నమో రొట్టెనో తిన్న వెంటనే తాగే టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి. భోజనానికి ముందు, తరువాత కనీసం గంటసేపు టీ, కాఫీ వద్దని జాతీయ పోషకాహార సంస్థ సూచించింది. పొలం పనికి వెళ్లే మహిళలు రొట్టె, టీతోనే ఉదయం గడుపుతున్న ఊళ్లలో ఈ సూచనకు ఎంతో విలువ ఉన్నది. ఇందుకు పైసా ఖర్చు లేదు.

వయోజన మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని 2020లో సవరించిన ప్రమాణాలు చెబుతున్నాయి. పురుషునికి 19 మిల్లీగ్రాములు చాలు. కానీ అనేక ఇళ్లలో వండిన కూర ముందుగా మగవారికి, పిల్లలకు వడ్డిస్తారు. చివరకు కూర్చున్న ఇల్లాలికి గిన్నె అడుగున పులుసు, రోట్లో మిగిలిన కారం దక్కుతాయి. అవసరం ఎక్కువ ఉన్నవారికి కూర తక్కువ అందే ఈ అలవాటును ఏ మాత్రా పూర్తిగా సరిదిద్దలేదు. గర్భిణులకు ఆకుకూరల్లోని ఫోలేట్ మరింత ముఖ్యం. ఆకు నుంచి వచ్చిన పేరే కలిగిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945 ప్రాంతంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషించిన బృందానికి సారథి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఇనుముతో పాటు ఉండేది అదే. ఆహారం ఎంత మెరుగైనా ఆ మాత్రలు మానరాదు. పిల్లలకు నులిపురుగుల మందు వేయించడమూ ఆపరాదు. రక్తహీనతకు ఆహారలోపం ఒక్కటే కారణం కాదు.

ఎర్రగా ఉన్నది కాబట్టి బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందన్న నమ్మకం పట్టణాల నుంచి పల్లెలకూ పాకింది. బీట్‌రూట్ మంచి కూరే. అయితే దాని ఎరుపు రక్తంలోని ఎరుపు కాదు, అందులో ఇనుము కూడా అంత విశేషంగా లేదు. దానికి పెట్టే డబ్బుతో మునగాకు, తోటకూర, నిమ్మకాయలు కొనుక్కోవడం మేలు.

చేతికందే ఆకులు

పుండికూర, చుక్కకూర, పాలకూర, మెంతికూర, తోటకూర, మునగాకు, వర్షాకాలంలో చేలగట్ల మీద మొలిచే గంగపాయల, చెంచలి, పొన్నగంటి కూరలు, వేసవి మొదట్లో వచ్చే చింతచిగురు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. ముదురు ఆకుపచ్చ ఆకుల్లో, పండిన బొప్పాయి, మామిడి, గుమ్మడి వంటి పసుపుపచ్చని వాటిలో ఉండే కెరోటిన్ శరీరంలో విటమిన్ ఎ గా మారుతుంది. ఇది ఒంటికి పట్టడానికి కొద్దిపాటి నూనె అవసరం. ఆకుకూరలో వేరుశనగ పొడి కలిపి వండే ఇక్కడి పద్ధతి ఆ విధంగా శాస్త్రసమ్మతమే. పాలకూరలో ఆక్సలేట్లు అధికంగా ఉన్నందున రోజూ దానినే వండక మార్చి మార్చి వండాలి. టమోటాలోని ఎరుపు పదార్థం లైకోపీన్ పచ్చిగా కంటే నూనెలో ఉడికినప్పుడు బాగా పడుతుంది. విటమిన్ సి మాత్రం వేడికి నశిస్తుంది. కొంత పచ్చిగా, కొంత వండి తినమని చెప్పడంలోని కారణం ఇదే. కోసిన తరువాత కడగడం, ఉడికించిన నీటిని పారబోయడం పోషకాలను పారబోయడమే.

చేలల్లో సహజంగా మొలిచే ఆకుకూరల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. పత్తి చేలలో కలుపు మందులు, పురుగు మందుల వాడకం పెరిగిన తరువాత ఆ ఆకులు తరిగిపోయాయి. మందు కొట్టిన చేలో మొలిచిన ఆకును కోసి తేవడం ప్రమాదకరం. పత్తి మండలాల్లో ఒకప్పుడు ఉచితంగా దొరికిన కూర ఇప్పుడు సంతలో కొనవలసిన సరకు కావడానికి ఇదొక కారణం. పోషకాహార చర్చల్లో దీనికి తగిన చోటు దక్కడం లేదు.

నిల్వ పచ్చడి కాయగూర స్థానాన్ని తీర్చదు. రోటి పచ్చడిలో టమోటా, వంకాయ, దోస పాలు పెరిగితే అది కూరతో సమానమే. ఉప్పు, నూనె, కారంతో నెలల తరబడి నిల్వ ఉండే ఊరగాయ మాత్రం ఉప్పునే అధికం చేస్తుంది. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఎమ్మిగనూరు, ఆదోని, గూడూరు వంటి పట్టణాల్లో మగ్గం మీద, దుకాణంలో, కార్యాలయంలో రోజంతా కూర్చుని పనిచేసేవారికి రక్తపోటు, మధుమేహం విషయంలో ఇది మరీ గమనించదగినది. పండ్లరసం కంటే పండు మేలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం పొటాషియం కారణంగా ఏ కాయగూర ఎంత తినవచ్చో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

పండు సంగతి మరీ విచిత్రం. పల్లెల్లో పండ్లు కొనేది చాలావరకు పండుగకు, లేదా ఆసుపత్రిలో ఉన్న బంధువును చూడబోయేటప్పుడు. ఆరోగ్యంగా ఉన్నవారికి పండు అవసరం లేదన్న భావన స్థిరపడిపోయింది. యాపిల్ ధర చూసి పండ్లే తమకు అందనివని అనుకునేవారూ ఉన్నారు. జామ, బొప్పాయి, రేగు, నేరేడు, సీతాఫలం దానికి ఏ విధంగానూ తీసిపోవు.

ఖర్చు, పెరడు

400 గ్రాముల సూచన పాటించాలంటే అయిదుగురు ఉన్న ఇంట్లో రోజుకు 2 కిలోల కాయగూరలు కావాలి. కిలో సగటున 30 రూపాయలు అనుకున్నా నెలకు రూ.1,800. కూలి మీద బతికే కుటుంబానికి ఇది తేలిక కాదు. ఈ లెక్క చెప్పకుండా ఎక్కువ తినండి అని ఉపదేశించడం వల్ల ప్రయోజనం ఉండదు. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజార్ల వ్యవస్థ దళారులను తప్పించి ధర తగ్గించే ఉద్దేశంతో వచ్చింది. అయితే బజారు పట్టణంలో ఉంటుంది, కొనవలసిన వారు పల్లెలో ఉంటారు. వారానికి ఒక సంతతో సరిపెట్టుకునే ఊళ్లలో మూడో రోజుకు ఆకుకూర వాడిపోతుంది. ఆ తరువాత నాలుగు రోజులూ ఉల్లిగడ్డ, ఎండుమిరప కారమే కూర అవుతాయి.

అందుకే పెరటి తోటకు ప్రాధాన్యం. దాదాపు 200 చదరపు మీటర్లు, అంటే 5 సెంట్ల స్థలం, ఒక కుటుంబానికి కావలసిన కాయగూరలను చాలావరకు ఇవ్వగలదని ఉద్యాన నిపుణులు చెబుతారు. అంత స్థలం పల్లెల్లోనూ అందరికీ లేదు. గోడ పక్కన రెండు మడులు, ఒక మునగ చెట్టు, ఒక బొప్పాయి, పందిరికి ఒక బీర తీగ ఉన్నా చాలు. తోటకూర, మెంతి నాలుగు వారాల్లోపే కోతకు వస్తాయి. పాలకూరను మళ్లీ మళ్లీ కోయవచ్చు. గింజ ద్వారా వేసే మునగ రకాలు ఆరు నుంచి ఎనిమిది నెలల్లో కాపుకు వస్తాయి, ఆకు అంతకంటే ముందే చేతికందుతుంది. గిన్నెలు కడిగిన నీరు ఈ మొక్కలకు సరిపోతుంది. పొలం ఉన్నవారికి, రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం కింద ప్రోత్సహిస్తున్న బహుళ కాయగూరల సాగు విధానం అనుకూలం. కొద్ది సెంట్లలోనే పలు రకాలు కలిపి వేసి ఏడాది పొడవునా కోతకు వచ్చేలా చూడడం దాని సారం. 2003 నవంబరులో రాష్ట్రంలో ప్రారంభమైన సూక్ష్మ సేద్య పథకం ద్వారా వచ్చిన బిందు సేద్యం మెట్టలో కూరగాయల సాగుకు ఊతమిచ్చింది. అదే పరికరాల చివరి వరుసలో రెండు రకాల ఆకుకూరలు ఇంటి కోసం వేసుకోవడం రైతుకు భారం కాదు.

ఎండలకు కొదవ లేని ప్రాంతంలో ఎండబెట్టడం ఎందుకు తగ్గిందో ఆలోచించవలసిన విషయం. వంకాయ, కాకర, గోరుచిక్కుడు, మామిడి ఒరుగులు ఒకప్పుడు వేసవిలో, కూర దొరకని రోజుల్లో ఇంటిని ఆదుకొనేవి. టమోటా కిలో రెండు మూడు రూపాయలకు పడిపోయినప్పుడు పారబోయకుండా కోసి, శుభ్రమైన గుడ్డ కప్పి ఎండబెడితే నెలల తరబడి వాడుకోవచ్చు. విటమిన్ సి చాలావరకు పోయినా పీచు, ఖనిజాలు మిగులుతాయి. 2023లో కర్నూలు జిల్లాలో మహిళా సంఘాల సభ్యులతో ఉల్లి, టమోటా ఎండబెట్టే చిన్న యూనిట్లను ప్రోత్సహించారు. అవి అమ్మకానికి ఉద్దేశించినవి. ఇంటి అటకకు కూడా ఒక మూట చేరితే రెండు ప్రయోజనాలు నెరవేరుతాయి.

బడి పళ్లెంలో

పాఠశాల మధ్యాహ్న భోజనంలో ఒక్కొక్క విద్యార్థికి ప్రాథమిక స్థాయిలో 50 గ్రాములు, ప్రాథమికోన్నత స్థాయిలో 75 గ్రాముల కాయగూరలు ఉండాలన్నది జాతీయ ప్రమాణం. రాష్ట్రంలో 2003 నుంచి వండి వడ్డిస్తున్న ఈ భోజనానికి, లంకల గన్నవరంలో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మ పేరును 2024లో పెట్టారు. వంద మంది ప్రాథమిక విద్యార్థులు ఉన్న బడిలో రోజుకు 5 కిలోల కాయగూరలు వంటలో పడాలన్న మాట. దానిని చూసి చెప్పడానికి నిపుణులు అక్కరలేదు, ఒక తక్కెడ చాలు. తనిఖీకి వెళ్లే అధికారి, వార్తకు వెళ్లే విలేకరి గుడ్ల సంఖ్య లెక్కించినట్లే కూర తూకాన్నీ అడిగితే, సాంబారు పలచబడడం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ధర పెరిగిన నెలల్లో మొదట కోత పడేది ఇక్కడే. ఆలుగడ్డతో తూకం నింపడం కాగితం మీద సరిపోయినా, పైన చెప్పిన లెక్కలో అది కాయగూర కాదు.

అంగన్‌వాడీ కేంద్రాల్లో ఆరు నెలలు నిండిన పిల్లలకు అనుబంధ ఆహారం ప్రారంభించే సమయంలో, మెత్తగా ఉడికించిన ఆకుకూర, గుమ్మడి, పండిన అరటి, బొప్పాయి గుజ్జు పెట్టవచ్చని తల్లులకు చెప్పడం అవసరం. ఆకుకూర పిల్లలకు అరగదని పెద్దలు అడ్డుచెప్పే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తల్లికి చెప్పే మాట ఆ ఇంట్లోని అవ్వకు కూడా చెప్పినప్పుడే అది అమలవుతుంది.

వలస ఈ ప్రయత్నాలన్నిటికీ పెద్ద పరీక్ష. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, ఆలూరు వైపు పల్లెల నుంచి ఖరీఫ్ పనులు ముగియగానే కుటుంబాలు పత్తి తీతకు, గుంటూరు వైపు మిరప కోతకు తరలిపోతాయి. గుడారాల్లో మూడు రాళ్ల పొయ్యి మీద వండుకునే ఆ నెలల్లో పిల్లల ఆహారం మరింత క్షీణిస్తుంది. అటువంటి పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించేందుకు నిర్వహించే సీజనల్ వసతి గృహాల వంటకాల పట్టికలో ఆకుకూరకు, పండుకు రోజువారీ స్థానం కల్పించడం స్థానిక అధికారుల చేతిలోని పని. పెరటి తోటలను ప్రోత్సహించేవారు కూడా వలస క్యాలెండరును గమనించాలి. మృగశిర కార్తెలో తొలకరికి విత్తనం పంచితే బయలుదేరే లోపు రెండు మూడు కోతలు తిని వెళ్తారు, దసరా తరువాత పంచితే ఆ విత్తనం పొట్లంలోనే మిగులుతుంది. ఇంటి ముందు నాటిన మునగ మాత్రం కాస్త వేరూనిన తరువాత ఎవరూ నీరు పోయకపోయినా నిలుస్తుంది. ఉగాదికి తిరిగి వచ్చినవారికి సంత దాకా పోకుండానే ఆ పూట కూరకు ఆకు దొరుకుతుంది.